ఓడదొంగల సమానత్వం ఎవరి ఖర్చు మీద?

మొన్నామధ్య మా ఆఫీసులో టీమ్ లీడ్లకి ట్రైనింగ్ పెట్టారు. మంచి టీమ్ ఎలా నడవాలో చెప్పడానికి ట్రైనర్ ఎంచుకున్న ఉదాహరణ పద్దెనిమిదో శతాబ్దపు సముద్రపు దొంగలు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడలో అమలైన నిబంధనల్ని తెర మీద వేసి ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ముఖ్యమైన ప్రతి విషయంలోనూ ప్రతి మనిషికీ ఓటు. తిండిలో, మద్యంలో సమాన హక్కు. కాలో చెయ్యో పోతే ఉమ్మడి సొమ్ములోంచి 800 వెండి డాలర్ల పరిహారం. కెప్టెన్‌కి, క్వార్టర్ మాస్టర్‌కి రెండేసి వాటాలు, మామూలు నావికుడికి ఒక వాటా, మధ్యలో ఉన్నవాళ్ళకి ఒకటిన్నర, ఒకటింపావు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఈ రాబర్ట్స్ కథతో చాలాకాలంగా పరిచయం. లేచి ఒక ప్రశ్న అడిగాను, ఆ వాటాలు వేసుకున్న సొమ్ము ఎక్కడిదని. ట్రైనర్ మర్యాదగానే జవాబిచ్చాడు. "దోపిడీ సొమ్మే మేడం, అది అందరికీ తెలిసిందే. మనం తీసుకోవాల్సింది వాళ్ళ పద్ధతిని" అన్నాడు. టీ బ్రేక్‌లో నా పక్కసీటు కొలీగ్ కూడా అదే మాట అంది. మూడొందల ఏళ్ళ క్రితం కూలీ మనుషులు తమలో తాము అంత న్యాయంగా ఉండటమే గొప్ప కదా అని.

గొప్పే. కానీ ఆ పద్ధతిని ఆ సొమ్ము నుంచి విడదీసి చూడొచ్చన్న మాట నాకు మింగుడు పడలేదు. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. నాకు అనిపించేది ఇదీ: ఓడదొంగల సమానత్వం అబద్ధం కాదు, అది నిజంగానే ఉంది. అయితే దాని ఖర్చు మొత్తం వాటా లేనివాళ్ళే భరించారు. ఆ లెక్క చూపించకుండా నిబంధనల్ని మాత్రం మెచ్చుకోవడం తప్పు.

ప్రతి నిబంధన వెనకా ఒక దెబ్బ

ముందు ఆ నిబంధనలకి దక్కాల్సిన గౌరవం దక్కాలి. వాటిని తాగుబోతుల తమాషాగా కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

1713లో స్పెయిన్ వారసత్వ యుద్ధం ముగిశాక బ్రిటిష్ నౌకాదళం వేలాది నావికుల్ని ఇంటికి పంపేసింది. అంతమంది ఒక్కసారిగా వ్యాపార ఓడల దగ్గర పనికోసం నిలబడితే కూలి పడిపోయింది. ఓడ రేవు దాటిందంటే కెప్టెన్ మాటే చట్టం. కొరడా ఆయన చేతిలో ఉంది, రొట్టె తూచే తక్కెడా ఆయన చేతిలోనే ఉంది. సరుకు పాడైతే నావికుల జీతంలో కోత. జీతం ప్రయాణం చివర్లో ఇస్తారు కాబట్టి మధ్యలో పారిపోతే చేసిన చాకిరీ అంతా పోయినట్టే.

ఈ సంగతి తెలిశాక ఆ నిబంధనలు మళ్ళీ చదివితే ప్రతి దాని వెనకా ఒక దెబ్బ కనిపిస్తుంది. తిండి పంచే పని కెప్టెన్ నుంచి తీసేసి క్వార్టర్ మాస్టర్‌కి ఇచ్చారు. అతన్ని ఎన్నుకునేది నావికులే. శిక్షలు వేసే అధికారం కూడా చాలావరకు అతనిదే. ఎదుటి ఓడని తరిమేటప్పుడు, పోరాడేటప్పుడు మాత్రమే కెప్టెన్ మాటకి తిరుగు లేదు. మిగతా సమయాల్లో అతని గదిలోకి ఎవరైనా వెళ్ళొచ్చు, అతని గిన్నెలోంచి పంచ్ అనే మద్యం తాగొచ్చు. నచ్చకపోతే ఓటేసి దింపేయొచ్చు. బ్రిటన్‌లో ఆస్తి ఉన్న మగవాళ్ళకే ఓటున్న రోజుల్లో ఓ పడవ కూలీకి తన నాయకుణ్ణి దింపే హక్కుంది!

ఓడ బతకడానికి కావలసిన జాగ్రత్తలు కూడా వాటిలో ఉన్నాయి. రాత్రి ఎనిమిదింటికి దీపాలు ఆర్పేయాలి, ఆ తర్వాత తాగాలనుకుంటే పైకి వెళ్ళి డెక్ మీద తాగాలి. అడుగున మందుగుండు ఉన్న చెక్క ఓడలో ఇది ప్రాణాలు కాపాడే నియమం. డబ్బు పెట్టి పేకాట, పాచికలు ఆడకూడదు. ఓడ మీద ఒకరినొకరు కొట్టుకోకూడదు, తగాదా ఉంటే ఒడ్డుకి దిగి కత్తితో, పిస్తోలుతో తేల్చుకోవాలి. ఉమ్మడి సొమ్ములో ఒక్క డాలరు విలువైనది దాచుకున్నా మనిషిని నిర్జన ప్రదేశంలో దింపేసి పోతారు. ఇవన్నీ చాలాకాలం ఇరుకు ఓడల్లో కలిసి బతికిన మనుషులు ఆలోచించి రాసుకున్నవి. అంతరాల పేరుతో దెబ్బలు తిన్నవాళ్ళు తమ చేతికి ఒక ఓడ చిక్కగానే మొదట చేసిన పని అంతరాలు తగ్గించడం. ఇది నన్ను నిజంగా కదిలిస్తుంది.

ఇలాంటి ఒప్పందాలు మనదాకా వచ్చినవి కొన్నే. పట్టుబడతామనిపిస్తే సంతకాలున్న కాగితాన్ని తగలబెట్టేవాళ్ళు, సముద్రంలో పడేసేవాళ్ళు. అది కోర్టులో సాక్ష్యమైతే మెడకి ఉరే. రాబర్ట్స్ నిబంధనలు కూడా 1724లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం ద్వారానే మనకి తెలుసు.

ఆదివారం సెలవు

కాగితం మీద ఉన్నది ఓడలో ఎంత జరిగిందో చూడటానికి రెండు సంఘటనలు చాలు.

రాబర్ట్స్ నిబంధనల్లో చివరిది వాద్యకారుల గురించి. వాళ్ళకి ఆదివారం సెలవు హక్కుగా ఇచ్చారు, మిగతా ఆరు పగళ్ళూ ఆరు రాత్రులూ ఎవరైనా దయతలిస్తేనే విశ్రాంతి. ట్రైనర్ ఈ నియమం చదివినప్పుడు హాల్లో అందరూ ముచ్చటపడ్డారు. అదే వాద్యకారులు 1722లో కోర్టు ముందు నిలబడి చెప్పుకున్నది వేరు. తమని పట్టుకున్న ఓడల నుంచి బలవంతంగా తెచ్చారనీ, అలిసిపోయామంటే ఫిడేలే కాదు తలలు కూడా పగిలేవనీ చెప్పారు. కోర్టు నమ్మి వదిలేసింది. వడ్రంగులు, వైద్యులు, పీపాలు చేసేవాళ్ళు, ఎవరి పనితనం ఓడకి అవసరమో వాళ్ళని బలవంతంగా చేర్చుకోవడం మామూలే. ఓటు హక్కు ఉంది కానీ వెళ్ళిపోయే హక్కు లేదు.

రెండోది హ్యారీ గ్లాస్బీ సంగతి. రాబర్ట్స్ ఓడలో దారి చూసి ఓడ నడిపే మాస్టర్ అతను. మరో ఇద్దరితో కలిసి పారిపోబోయి దొరికాడు. నియమం ప్రకారం విచారణ పెట్టారు. జడ్జీలున్నారు, ఎదురుగా పెద్ద గిన్నెలో రమ్ము పంచ్, పొగాకు గొట్టాలు. ముగ్గురికీ మరణశిక్ష ఖాయమనుకునే సమయానికి ఆ జడ్జీల్లోనే ఒకడు, వాలెంటైన్ యాష్‌ప్లాంట్, లేచి గ్లాస్బీ మంచివాడు, చావడానికి వీల్లేదన్నాడు. మిగతా జడ్జీలు కాదంటే పిస్తోలు తీశాడు. గ్లాస్బీ బతికాడు. మిగిలిన ఇద్దరి తరఫున పిస్తోలు తీసే స్నేహితుడు లేడు, స్తంభానికి కట్టి కాల్చేశారు. తమని కాల్చేవాళ్ళని తామే ఎంచుకునే వెసులుబాటు మాత్రం ఇచ్చారట.

దీన్ని బట్టి నిబంధనలన్నీ నాటకమని నేననను. ఏ సమాజంలోనైనా రాసుకున్నదానికీ జరిగేదానికీ మధ్య దూరం ఉంటుంది. ఇక్కడిదాకా అయితే మా ట్రైనర్ మాటకి నేను పూర్తిగా అడ్డు చెప్పేదాన్ని కాదు. అసలు సమస్య వాటా లేని మనిషి ఎదురైనప్పుడు మొదలవుతుంది.

మంచి కెప్టెన్ ఎవరు?

1719లో ఆఫ్రికా పడమటి తీరంలో, సియెరా లియోన్ నది దగ్గర విలియం స్నెల్‌గ్రేవ్ అనే ఇంగ్లీషు కెప్టెన్ ఓడని దొంగలు పట్టుకున్నారు. పట్టుకున్న ఓడలో నావికుల్ని పిలిచి, మీ కెప్టెన్ మిమ్మల్ని ఎలా చూసుకున్నాడని అడగడం దొంగల్లో ఒక ఆచారం. హింసించాడంటే ఆ కెప్టెన్‌కి కొరడా దెబ్బలు, ఒక్కోసారి చావు. స్నెల్‌గ్రేవ్‌ని కొట్టి చంపబోతుంటే అతని మనుషులే అడ్డుపడ్డారు. ఇంతకన్నా మంచివాడి దగ్గర మేమెప్పుడూ పనిచేయలేదు, చంపకండని బతిమాలారు. దొంగలు వదిలేయడమే కాదు, వెళ్ళేటప్పుడు ఓడ, సరుకు కూడా ఇద్దామనుకున్నారు.

ఎంత అందమైన న్యాయం! పనివాళ్ళ సాక్ష్యం మీద యజమానికి తీర్పు. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా ఉండిపోయాను.

అయితే స్నెల్‌గ్రేవ్ ఆ తీరానికి వచ్చింది మనుషుల్ని కొనుక్కుపోవడానికి. అతని వృత్తే అది. తర్వాత తన అనుభవాలు రాస్తూ తన ఓడల్లో బానిసల తిరుగుబాట్లని ఎలా అణిచాడో చెప్పుకున్నాడు, బానిస వ్యాపారాన్ని సమర్థించుకున్నాడు కూడా. అతను మంచివాడా అన్న ప్రశ్న దొంగలు అతని నావికుల్నే అడిగారు. అంతకుముందు ప్రయాణాల్లో అతని ఓడ అడుగున గొలుసులతో అట్లాంటిక్ దాటినవాళ్ళని అడిగి ఉంటే జవాబు వేరేగా ఉండేది. వాళ్ళని కూడా అడగాలన్న ఆలోచన ఆ న్యాయంలో లేనే లేదు.

పరిహారం విషయానికి వద్దాం. అంగవైకల్యానికి బీమా అని మెచ్చుకునే ఈ ఏర్పాటు రాబర్ట్స్ కనిపెట్టింది కాదు. అంతకు ముందు తరంలో కరీబియన్‌లో స్పానిష్ ఓడల్ని, ఊళ్ళని దోచిన బకనీర్ల నుంచి వచ్చింది. వాళ్ళతో వైద్యుడిగా తిరిగిన ఎక్సెమెలిన్ రాసిన వివరాలు 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. అందులో రేట్లు ఉన్నాయి. కుడి చెయ్యి పోతే 600 వెండి నాణేలు లేదా ఆరుగురు బానిసలు. ఎడమ చెయ్యి అయితే 500 లేదా అయిదుగురు. కుడి కాలికీ అంతే. ఎడమ కాలికి 400 లేదా నలుగురు. కన్ను పోతే 100 లేదా ఒకరు, వేలు పోయినా అంతే.

ఒక వేలికి ఒక మనిషి. మా ట్రైనర్ స్లైడ్‌లో బకనీర్ల పరిహారం గురించి ఒక మాట ఉంది. అందులో నాణేలున్నాయి, మనుషులు లేరు. పద్ధతిని సొమ్ము నుంచి విడదీయడమంటే చివరికి ఇదే. ఆ పట్టికలో నాణేల పక్కనే మనుషులున్నారు, ఒకటి ఉంచి ఒకటి చెరిపేస్తే మిగిలేది వాళ్ళ పద్ధతి కాదు, మనం కట్టుకున్న కథ.

1722 జనవరిలో ఊయిడా రేవులో జరిగింది ఈ విషయంలో నాకు మిగిలిన చివరి సందేహాన్ని కూడా తీర్చేసింది. ఇప్పటి బెనిన్ దేశంలో ఉన్న ఆ రేవు బానిసల వ్యాపారానికి పెద్ద కేంద్రం. అక్కడ లంగరేసి ఉన్న పదకొండు ఓడల్ని రాబర్ట్స్ పట్టుకున్నాడు. ఓడకి ఎనిమిది పౌన్ల బంగారు పొడి ఇస్తే వదిలేస్తానన్నాడు. అందరూ ఇచ్చారు, పోర్కుపైన్ అనే ఓడ కెప్టెన్ మాత్రం ఇవ్వనన్నాడు. ఆ ఓడ తగలబెట్టమని హుకుం. లోపల ఎనభై మంది ఆఫ్రికన్లు ఇద్దరిద్దరిని కలిపి వేసిన గొలుసుల్లో ఉన్నారు. ముందు వాళ్ళని దింపాలనే అనుకున్నారు, పడవ కూడా పంపారు. కానీ గొలుసులు విప్పడానికి చాలా సమయం పట్టేలా ఉంది, వీళ్ళకి వెళ్ళిపోవాలన్న తొందర ఉంది. నిప్పు పెట్టేశారు. లోపలున్నవాళ్ళు కాలి చచ్చారు, నీళ్ళలోకి దూకినవాళ్ళని సొరచేపలు చీల్చేశాయి.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ పంపిన పడవ. వాళ్ళకి తెలుసు లోపల మనుషులున్నారని. కాపాడితే మంచిదన్న ఆలోచనా వచ్చింది. కాకపోతే ఆ ఎనభై మందికి ఓటు లేదు, వాటా లేదు. వాళ్ళకోసం ఇంకో గంట ఆగుదామని అడగడానికి ఆ ఓడలో ఎవరికీ కారణం కనిపించలేదు.

ఇంకో నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 10న కేప్ లోపెజ్ దగ్గర స్వాలో అనే యుద్ధనౌక దాడిలో రాబర్ట్స్ చచ్చిపోయాడు. మిగిలినవాళ్ళని ఇప్పటి ఘనాలోని కేప్ కోస్ట్ కోటకి తీసుకెళ్ళి విచారించారు. 52 మందిని ఉరి తీశారు. పట్టుబడ్డవాళ్ళలో దాదాపు 75 మంది నల్లవాళ్ళు. దొంగల ఓడలో వాళ్ళకి వాటా ఉందా, లేక చాకిరీయేనా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం. కోర్టు మాత్రం వాళ్ళని విచారించే శ్రమ కూడా పడలేదు. బానిసలుగా అమ్మేశారు.

"ఆ కాలం అలాంటిది"

నా కొలీగ్ వేసిన గట్టి ప్రశ్న ఇది. అప్పటి రాజులూ కంపెనీలూ చేసింది ఇదే, పెద్ద ఎత్తున చేశారు. పట్టుకున్న నౌకాదళమూ ఆ బానిసల్ని అమ్మింది. అలాంటప్పుడు దొంగల్ని మాత్రం ఈనాటి తూకంలో ఎందుకు తూచాలి?

సగం ఒప్పుకుంటాను. రాబర్ట్స్‌ని ఉరితీయాలనుకున్న ప్రభుత్వం అతనికన్నా నీతిమంతమైనదేమీ కాదు. రాబర్ట్స్ స్వయంగా బానిస ఓడలో మేటుగా, అంటే కెప్టెన్ కింది అధికారిగా ఉండి 1719లో దొంగలకి పట్టుబడ్డవాడే. అప్పట్లో ప్రభుత్వ లైసెన్సు ఉంటే శత్రు దేశపు ఓడని దోచడం చట్టబద్ధం, లేకపోతే దొంగతనం. అసలు రాజులే ఓడల్ని దోచిన చరిత్ర మన తీరంలోనూ ఉంది. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం చదవండి. తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని అందులోనే ఉంది.

అయితే ఆ శాసనం అక్కడితో ఆగలేదు. ప్రాణంకన్నా ధనం ఎక్కువనుకుని సముద్రం మీద అంత ప్రమాదానికి తెగించి వచ్చినవాళ్ళ సొమ్ము, నిర్ణయించిన సుంకం తప్ప ఇక ముట్టనని రాజు మాటిచ్చాడు. వ్యాపారం పెరగాలన్న లెక్క ఆయనకీ ఉంది, కాదనను. అయినా తనవాడు కాని మనిషి, ఎదురు తిరగలేని స్థితిలో ఒడ్డున పడి ఉన్న మనిషి, అతని నష్టం గురించి ఆలోచించడం పదమూడో శతాబ్దంలోనే సాధ్యమైంది. బానిసత్వం విషయమే తీసుకున్నా, 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు అది తప్పని కాగితం మీద రాసి సంతకాలు పెట్టారు. అంటే ఆ కాలంలో ఎవరికీ తోచని సంగతి కాదిది. అందులోనూ కొరడా అంటే ఏమిటో, పారిపోయే దారి లేకపోవడమంటే ఏమిటో నావికులకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

జీతం అడిగిన మనుషులే

మన దేశానికి నేరుగా తగిలిన కథ ఒకటుంది. 1694లో స్పెయిన్‌లోని కొరున్యా రేవులో రెండో చార్లెస్ రాజు పేరున్న ఒక ఇంగ్లీషు ఓడ నెలల తరబడి ఆగిపోయింది. నావికులకి జీతాలు లేవు. ఇంటి దగ్గర భార్యలు లండన్‌లో పెట్టుబడిదారు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నా ఫలితం లేదు. మే నెలలో హెన్రీ ఎవ్రీ నాయకత్వంలో నావికులు తిరగబడి ఓడని స్వాధీనం చేసుకున్నారు. రామన్నవాళ్ళని, కెప్టెన్‌తో సహా, పడవెక్కించి ఒడ్డుకి పంపేశారు. నాకు ఇక్కడిదాకా పూర్తిగా ఎవ్రీ మనుషుల పక్షమే.

1695 సెప్టెంబరులో అదే మనుషులు హజ్ యాత్రికులతో సూరత్‌కి తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీని పట్టుకున్నారు. ఆ రోజుల్లో సూరత్‌లో ఉన్న చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఓడలో 52 లక్షల రూపాయల వెండి, బంగారం ఉందని రాశాడు. దాదాపు వారం పాటు దోచారు. దాచిన సొమ్ము చూపించమని మనుషుల్ని చిత్రహింసలు పెట్టారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. కొందరు ఆడవాళ్ళు మానం దక్కించుకోవడానికి సముద్రంలో దూకేశారు. ఆ తర్వాత నావికులు మనిషికి దాదాపు వెయ్యి పౌన్ల చొప్పున పంచుకున్నారు, ఎవ్రీకి రెండు వాటాలు. తమలో తాము న్యాయంగానే పంచుకున్నారు.

సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి సంకెళ్ళు పడటం, ఎవ్రీ ఎవరికీ దొరక్కుండా మాయమవడం చాలామందికి తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది విచారణ సంగతి. 1696 అక్టోబరులో లండన్‌లో ఎవ్రీ మనుషులు కొందరిని గంజ్-ఇ-సవాయీ దోపిడీ మీద కోర్టులో నిలబెడితే జ్యూరీ నిర్దోషులని తేల్చేసింది. ప్రభుత్వం కంగారుపడి మళ్ళీ కేసు పెట్టింది, ఈసారి రెండో చార్లెస్ ఓడని ఎత్తుకుపోయిన నేరం మీద. దానికి శిక్ష పడింది. నవంబరు 25న అయిదుగురిని ఉరి తీశారు. ఏ పనిలోనైతే వాళ్ళకి కొంత న్యాయం ఉందో ఆ పనికే ఉరి పడింది.

ఆ అయిదుగురిలో జాన్ స్పార్క్స్ ఒకడు. ఉరికి ముందు అతను చెప్పిన మాటలంటూ ఒక కాగితం అచ్చయింది. ఆ ఓడలో జనం మీద తాను చేసిన క్రూరత్వం అన్యమతస్తుల మీదే అయినా ఇప్పుడు కళ్ళు తెరుచుకున్నాయన్నాడు. రాజుగారి ఓడ ఎత్తుకుపోయినందుకన్నా ఆ అమానుషానికే తాను ఈ చావుకి ఎక్కువ అర్హుణ్ణన్నాడు. తన వాటా అందుకున్నవాళ్ళలో, దాని ఖర్చు ఎవరు భరించారో పేరుపెట్టి చెప్పిన మనిషి నాకు ఇతనొక్కడే కనిపించాడు.